పూటకూళ్ల ఇంటి ఖర్చు



పోయిన నెలలో ఒక ఆదివారం ఆరాధన ముగిశాక మందిరం మెట్ల దగ్గర ఒక తండ్రి నా కోసం నిలబడి ఉన్నాడు. మన ఊరి వాడు కాదు, కాలువ అవతలి ఊరు. అందరూ వెళ్లిపోయేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగాడు: "అయ్యగారూ, ఫిట్స్‌కి తల ఆపరేషన్ అంటే ఎంతైద్దండీ?" కొడుకుకు పదమూడేళ్లట. మన సంఘంలో ఒక అమ్మాయికి చేయించారని ఎవరో చెబితే విని వచ్చాడు.

నేనొక అంకె చెప్పబోయి ఆగిపోయాను. ఆ ఒక్క అంకె వల్లే మన అమ్మాయి నాలుగేళ్లు పోగొట్టుకుంది. ఆ సంగతే ఈ వారం రాస్తున్నాను. ఆ కుటుంబం రాయమని చెప్పింది. పేరు మాత్రం రాయను. మనవాళ్లకు ఎవరో తెలుసు, తెలియనివాళ్లకు తెలియనక్కరలేదు.

ఆ అమ్మాయికి ఏడో ఏట మొదలయ్యాయి. మొదట్లో ఎవరూ ఫిట్స్ అనుకోలేదు. కూర్చున్నది కూర్చున్నట్టే చూపు నిలిచిపోయేది, నోరు చప్పరించేది, చేత్తో లంగా కుచ్చిళ్లు నలిపేది. రెండు నిమిషాలకు తేరుకొని, ఎక్కడున్నదీ తెలియనట్టు చూసేది. సండే స్కూల్లో ఒకసారి అలా అయితే, పరధ్యానం అని మందలించింది నేనే. తర్వాత పడిపోయి కొట్టుకోవడం కూడా మొదలైంది. ఖమ్మంలో చూపించారు, మాత్రలు ఇచ్చారు. ఒక మాత్ర రెండయింది, రెండు మూడయ్యాయి. నెలకు నాలుగైదు సార్లు వచ్చేవి మాత్రం ఆగలేదు.

పన్నెండో ఏట ఆమెను ఒక స్వస్థత కూటానికి తీసుకెళ్లారు. అక్కడ ప్రార్థన చేసినాయన విశ్వాసముంటే మాత్రలు ఇక్కడే వదిలి వెళ్లమన్నాడు. తల్లి వదిలేసి వచ్చింది. మూడో రోజు రాత్రి ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి, మధ్యలో తెలివి రాకుండా వచ్చాయి. అలా ఆగకుండా వస్తే ప్రాణం పోవచ్చు. 108లో తీసుకెళ్లారు. ఐసీయూలో అయిదు రోజులు ఉంది. నేను వెళ్లి ప్రార్థన చేసి వచ్చాను. కానీ మాత్రలు మానిపించడం తప్పని ఆ తర్వాతి ఆదివారం నేను చెప్పలేదు. పులుపిట ఎక్కి కూడా చెప్పలేదు. ఆ దైవజనుని మీద మన సంఘంలో చాలామందికి గౌరవం ఉంది, గొడవెందుకనుకున్నాను. ఆ నా మౌనానికి ఆ కుటుంబం అయిదు రోజుల ఐసీయూ బిల్లు కట్టింది. ఇది నేను ఒప్పుకోవాలి.

మార్కు సువార్త తొమ్మిదో అధ్యాయంలో అగ్నిలోను నీళ్లలోను పడిపోయే కుమారుణ్ణి తీసుకొచ్చిన తండ్రిని మీరందరూ ఎరుగుదురు. స్వస్థత కూటాల్లో ఆ భాగమే చదువుతారు. అక్కడ ఒక చిన్న మాటను మనం దాటేస్తాం. ప్రభువు బాగుచేయడానికి ముందు ఆ తండ్రిని ఒక ప్రశ్న అడిగాడు, ఇది ఎంతకాలం నుండి అని. తండ్రి చిన్నప్పటి నుండి అన్నాడు. మూర్ఛ డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన మొదట అడిగేదీ అదే ప్రశ్న. సర్వమూ ఎరిగినవాడికి అడగవలసిన అవసరం లేదు గదా! అయినా అడిగి, ఆ తండ్రి చెప్పేది విన్నాడు. అది దయ్యం కథ గదా అయ్యగారూ అంటారని తెలుసు. మత్తయి నాలుగో అధ్యాయంలో ప్రభువు దగ్గరికి తెచ్చిన రోగుల వరుస చూడండి. దయ్యం పట్టినవాళ్లను వేరుగా, చాంద్రరోగులను వేరుగా లెక్కపెట్టాడు మత్తయి. ఆ రెండూ ఒకటే అనడం మనం కలిపి చదువుకున్నది.

పదిహేనో ఏట ఒక డాక్టరు ఆపరేషన్ మాట ఎత్తాడు. రెండు సరైన మందులు, సరైన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే, మూడో మందుతోనో నాలుగో మందుతోనో పూర్తిగా ఆగే అవకాశం బాగా తగ్గిపోతుంది. మూర్ఛ ఉన్నవాళ్లలో దాదాపు మూడోవంతు మంది ఇలాంటివాళ్లే. వాళ్లందరికీ ఆపరేషన్ పనికిరాదు. మెదడులో ఫిట్స్ పుట్టే చోటు ఒక్కటే అయి ఉండాలి, ఆ చోటు తీసేసినా మనిషికి మాట, చెయ్యి, కాలు, జ్ఞాపకం నిలవాలి. అది తేల్చడానికి ఎక్కడికి వెళ్లాలో ఆయన చెప్పాడు.

హైదరాబాదులో ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రికి వెళ్లారు. కౌంటరులో ఒకాయన కాగితం మీద అయిదున్నర లక్షలు అని రాసిచ్చాడు. అందులో పరీక్షలకెంత, ఆపరేషన్‌కెంత, గదికెంత, కార్డు మీద ఏమైనా తగ్గుతుందా, ఇంకెక్కడైనా తక్కువకు చేస్తారా, ఏదీ వీళ్లు అడగలేదు. అడగడం తెలియదు. తండ్రి మూడెకరాలు కౌలు చేసుకునే మనిషి. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకొని సాయంత్రం బస్సుకే తిరిగొచ్చేశారు. ఆ తర్వాత నాలుగేళ్లు ఇంట్లో ఎవరూ ఆపరేషన్ మాట ఎత్తలేదు.

ఆ నాలుగేళ్లలో ఏమైందో చెబుతాను. తొమ్మిదో తరగతిలోనే బడి మానేసిన పిల్ల మళ్లీ బడి ముఖం చూడలేదు. పొయ్యి దగ్గర పడి ఎడమ చెయ్యి మణికట్టు నుండి మోచేతి దాకా కాలింది. తల్లి ఆమెను ఒంటరిగా వదల్లేక మిరపకాయ కోతలకు పోవడం మానేసింది. రెండు సంబంధాలు వచ్చి వెనక్కి పోయాయి. (మూర్ఛ ఉంటే పెళ్లి చెల్లదని చట్టం ఉందని మన పెద్దలు కొందరు ఇప్పటికీ అంటున్నారు. హిందూ వివాహ చట్టంలో అలాంటి మాట ఉండేది, 1999లో తీసేశారు. ఆ మాట పట్టుకొని మనమెందుకు వేలాడాలి?)

ఇదే రోజుల్లో మనం మందిరానికి స్లాబు వేసుకున్నాం. నేను లూకా పద్నాలుగో అధ్యాయం మీద మూడు ఆదివారాలు ప్రసంగించాను. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చొని, పూర్తిచేయడానికి తన దగ్గర ఉన్నది చాలునా అని లెక్కచూసుకోడా అన్న భాగం. మనమందరం కూర్చొని సిమెంటు, ఇసుక, ఇనుము, మేస్త్రీ కూలీ, చివరికి కొబ్బరి తాళ్ల దాకా లెక్కవేశాం. లెక్క వేసుకున్నాం గనుకే పూర్తయింది. ఆ మూడు ఆదివారాలూ ఆ అమ్మాయి ఆడవాళ్ల వైపు మూడో వరుసలో కూర్చుని ఉంది. ఆమె ఆపరేషన్‌కి అలా కూర్చొని లెక్కవేద్దామని నాకు తట్టలేదు.

తట్టిన రోజున నేను చేసిన పని చాలా చిన్నది. నోటు పుస్తకం తీసుకొని వాళ్లింటికి వెళ్లాను. తల్లిదండ్రులు, అమ్మాయి, వాళ్ల మేనమామ కూర్చున్నారు. పేజీ మధ్యలో గీత గీశాను. ఒకవైపు ఆపరేషన్ చేయిస్తే ఖర్చు. ఆ వైపు రాయడానికి నాకు ఒక అంకె తప్ప ఏమీ తెలియలేదు. రెండోవైపు, చేయించకపోతే ఖర్చు అని రాశాను. మేనమామ నవ్వాడు, "చేయించకపోతే ఖర్చేముంటదయ్యగారూ" అని. సరే, రాద్దాం అన్నాను.

మాత్రలు నెలకు సగటున పదకొండు వందలు. పన్నెండేళ్లకు లక్షా యాభై ఎనిమిది వేల నాలుగు వందలు. రెండుసార్లు ఆగని ఫిట్స్‌తో ఆస్పత్రిలో చేర్చింది నలభై ఆరు వేలు. తాయెత్తులకు, నాటువైద్యానికి, స్వస్థత కూటాల కానుకలకు ముప్పై వేలు. ఈ చివరిది తల్లి చెప్పడానికి సందేహించింది, ఎందుకంటే అందులో కొంత మన దగ్గరికే వచ్చింది. మొత్తం రెండు లక్షల ముప్పై నాలుగు వేల నాలుగు వందలు. కాలిన చెయ్యి, మానేసిన బడి, తల్లి పోగొట్టుకున్న కూలి ఇందులో లేవు. తండ్రి చాలాసేపు ఆ కాగితం వైపే చూశాడు. ఇంత డబ్బు ఎప్పుడు ఖర్చుపెట్టామయ్యగారూ అన్నాడు. నెలకు పదకొండు వందల చొప్పున పోయింది గనుక ఎవరికీ కనబడలేదు.

ఆ గీతకు ఈ వైపు నేను రాయలేకపోయినది ఇంకొకటుంది. మన కాలువలో బర్రెలు కడుగుతూ మునిగిపోయిన కుర్రవాణ్ణి పెద్దవాళ్లు మర్చిపోలేదు. ఈత బాగా వచ్చినవాడే. నీళ్లు మోకాలి లోతే ఉన్నాయి. మూర్ఛ ఉన్న పెద్దవాళ్లలో ఏడాదికి సుమారు వెయ్యిమందిలో ఒకరు, మునగకుండా, దెబ్బ తగలకుండా, ఏ కారణమూ కనబడకుండానే హఠాత్తుగా చనిపోతారని వైద్యులు చెబుతారు. ఎక్కువగా నిద్రలోనే. ఫిట్స్ అదుపులో లేనివాళ్లకే ఆ ప్రమాదం ఎక్కువ. ఆ తల్లి ముందు ఈ మాట ఎలా రాయాలి? తండ్రిని బయటికి తీసుకెళ్లి చెప్పాను.

ఇప్పుడు మొదటి వైపు సంగతి. అది నేర్చుకోవడానికి మాకు ఆరు నెలలు పట్టింది. కాలువ అవతలి ఊరి తండ్రికి పది నిమిషాల్లో చెప్పగలిగాను.

ఆపరేషన్ అంటే మనకు కత్తి, తల, కుట్లు గుర్తొస్తాయి. నిజానికి ఖర్చులోనూ సమయంలోనూ పెద్ద భాగం కత్తి పట్టుకోకముందే ఉంటుంది. ఫిట్స్ ఎక్కడ పుడుతున్నాయో కనుక్కోవాలి. మూర్ఛ కోసమే ప్రత్యేకంగా తీసే ఎమ్మారై ఉంటుంది. జ్ఞాపకశక్తి, మాట, లెక్క ఎలా ఉన్నాయో గంటల తరబడి కూర్చోబెట్టి పరీక్షిస్తారు. అవసరమైతే పెట్ స్కాన్. అన్నిటికంటే ముఖ్యమైనది వీడియో ఈఈజీ. తలంతా వైర్లు అంటించి, మంచానికి ఎదురుగా కెమెరా పెట్టి, రాత్రింబవళ్లు చూస్తారు. ఫిట్ వస్తేనే అది ఎక్కడినుండి బయలుదేరిందో వైర్లలో తెలుస్తుంది. అందుకని డాక్టర్లే దగ్గరుండి మాత్రలు తగ్గిస్తారు. (డాక్టర్లు ఆస్పత్రిలో తగ్గించడానికీ, కూటంలో వదిలేసి రావడానికీ ఉన్న తేడా దయచేసి గ్రహించండి.)

రెండు రోజులు గడిచాయి, ఫిట్ రాలేదు. మూడో రోజు రాత్రి తల్లి నాకు ఫోన్ చేసింది. "అయ్యగారూ, పన్నెండేళ్లు రావద్దని ప్రార్థన చేసినం. ఇప్పుడు రావాలని చెయ్యాలా? ఏమని చెయ్యమంటరు?" నేను వేదాంత కళాశాలలో డిప్లొమా చదువుకున్నాను గానీ ఆ ప్రశ్నకు జవాబు అక్కడ ఎవరూ చెప్పలేదు. రమ్మనే అడుగమ్మా అన్నాను. ఇద్దరం ఫోన్లోనే ప్రార్థన చేశాం. తెల్లవారుజామున ఒకటి, మధ్యాహ్నం లోపు ఇంకొకటి వచ్చాయి. మా ఇంట్లో అమ్మగారు ఆ కబురు విని ఏడ్చింది. ఫిట్స్ వచ్చాయని సంతోషించిన రోజు అదొక్కటే.

ఎడమ కణత వెనుక, జ్ఞాపకానికి సంబంధించిన ఒక చిన్న భాగం ఉంటుంది. సముద్రపు గుర్రం ఆకారంలో ఉంటుందని దానికి ఆ పేరే పెట్టారు. అది గట్టిపడి మచ్చ కట్టింది. ఏడాదిన్నర వయసులో జ్వరంతో చాలాసేపు వచ్చిన ఫిట్ దానికి కారణమై ఉండవచ్చన్నారు. ఆ చోటు తీయవచ్చని తేలింది.

తేలకపోయి ఉంటే? ఇది కూడా ముందే తెలుసుకోవాలి. పరీక్షలన్నీ అయ్యాక మీకు ఆపరేషన్ కుదరదు అని చెప్పి పంపేవాళ్లు చాలామందే ఉంటారు. అప్పుడు డబ్బు వృథా అయిందని ఏడుస్తారు. వృథా కాదు, చేయకూడని ఆపరేషన్ నుండి కాపాడిన ఖర్చది. అయినా ఆ అవకాశం ముందే లెక్కలో రాసుకోకపోతే అప్పు తెచ్చినవాడికి ఆ మాట ఓదార్పు ఇవ్వదు.

ఆపరేషన్ బిల్లులో చాలా భాగం ఆరోగ్యశ్రీ మీద పోయింది. 2007లో మొదలైన ఆ పథకం జాబితాలో మూర్ఛకు చేసే ఈ కణత భాగపు ఆపరేషన్ ఉంది. మన రాష్ట్రంలో కుటుంబానికి ఏడాదికి పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. కానీ కార్డు అన్ని ఆస్పత్రుల్లో చెల్లదు, చెల్లిన చోట కూడా అన్ని పరీక్షలకూ చెల్లదు. ఆస్పత్రి లోపల ఆరోగ్యమిత్ర అని ఒకరు కూర్చుంటారు. కౌంటరు కంటే ముందు ఆ మనిషి దగ్గరికి వెళ్లాలి. ఏది కార్డు మీద, ఏది మన చేతి మీద అని కాగితం మీద రాయించుకోవాలి. ప్రభుత్వ ఆస్పత్రిలోనైతే కార్డులో రానిదానికి ముఖ్యమంత్రి సహాయ నిధి నుండి ముందుగానే హామీ పత్రం తెచ్చుకోవచ్చు, ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా దరఖాస్తు పెడతారు. అయిదున్నర లక్షల కాగితం పట్టుకొని తిరిగొచ్చిన రోజున ఈ ముక్క చెప్పేవాళ్లు ఒక్కరుంటే చాలేది.

ఇక కార్డు మీద రానివి. మొదటి పరీక్షలు ఇరవై నాలుగు వేలు. మూడు ప్రయాణాలకు బస్సులు, ఆటోలు కలిపి తొమ్మిదిన్నర వేలు. ఆస్పత్రి బయట గది, మూడు విడతలు కలిపి నలభై ఒక్క రోజులు, రోజుకు మూడు వందల యాభై. ఇద్దరు తోడున్నవాళ్ల తిండి పన్నెండు వేల మూడు వందలు. ఇంటికొచ్చాక ఆరు నెలల మందులు పది వేల ఎనిమిది వందలు. తల్లి అరవై రోజుల కూలి, తండ్రి పాతిక రోజుల పని. అంతా కూడితే లక్షా పదివేలకు యాభై రూపాయలు తక్కువ. ఇందులో డాక్టరుకు గానీ ఆపరేషన్‌కు గానీ ఒక్క రూపాయి లేదు, చూడండి. కుటుంబాలు విరిగిపోయేది ఇక్కడే. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చేది దీనికే.

మంచి సమరయుని కథలో గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసింది ఒక్క వాక్యంలో అయిపోతుంది. తర్వాత పూటకూళ్ల ఇంటికి తీసుకెళ్లి, ఆ ఇంటివాడికి రెండు దేనారములిచ్చి, ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. గదికి, తిండికి, కనిపెట్టుకొని ఉండేవాడికి ఇచ్చిన డబ్బది. ఎంతవుతుందో తెలియకుండానే ఒప్పుకున్నాడు. నేను ఇరవై ఏళ్లు ఈ కథ మీద ప్రసంగాలు చేశాను, ఈ నలభై ఒక్క రోజుల గది అద్దె చూసేదాకా పూటకూళ్ల ఇల్లు నా కంటికి ఆనలేదు.

మన సంఘం ఆమెకు ముప్పై ఎనిమిది వేలు ఇచ్చింది. స్లాబుకు మనం పోగుచేసింది మీకు తెలుసు. నేను ఎవరినీ నిందించడం లేదు, స్లాబుకు నేను మూడు ఆదివారాలు ప్రసంగించాను, ఆమెకు ఒక ప్రకటన చదివాను. తేడా అక్కడే ఉంది. హైదరాబాదులో ఉంటున్న మన ఊరి కుర్రవాళ్లు ఇద్దరు మూడో విడతలో తమ గదిలో చోటిచ్చి, తాము స్నేహితుల దగ్గర పడుకున్నారు. అది ఆ లెక్కలో లేదు.

పెద్దల్లో ఒకరు నాతో వాదించారు. ప్రార్థన చేసే సంఘం తల కోయించుకోమని పంపడమేమిటని. ఆయన మీద నాకు కోపం లేదు, ఒకప్పుడు నా మౌనం కూడా ఆ మాటే పలికింది. ఆయనకు నేను వెల్లూరు కథ చెప్పాను. మన దేశంలో మెదడు ఆపరేషన్ల విభాగం మొట్టమొదట 1949లో తెరిచింది వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో, అంటే మిషన్ ఆస్పత్రిలో. తెరిచినాయన కేరళ క్రైస్తవుడు డాక్టర్ జేకబ్ చాందీ. కెనడాలోని మాంట్రియల్‌లో, మూర్ఛ ఆపరేషన్లకు పేరుపడ్డ వైల్డర్ పెన్‌ఫీల్డ్ దగ్గర నేర్చుకొని వచ్చారు. 1950ల మొదట్లోనే అక్కడ మూర్ఛకు ఆపరేషన్లు చేశారు. ఆ తర్వాత దేశంలో ఆ పని చాలాకాలం సన్నగిల్లి, 1995 నుండి తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ వంటి చోట్ల మళ్లీ ఊపందుకుంది. ఇప్పుడు హైదరాబాదులోనూ చేస్తున్నారు. ప్రార్థన చేసేవాళ్లే మొదలుపెట్టిన పనిని అవిశ్వాసం అంటే ఎలాగండీ అన్నాను. ఆయన ఊరుకున్నారు. ఒప్పుకున్నారో లేదో నాకు తెలియదు. ఆపరేషన్ రోజున మాత్రం ఉపవాసమున్నారు.

గుణం ఎంతవరకు వస్తుందన్నది కూడా ఖర్చు లెక్కలో భాగమే. కెనడాలో ఎనభై మందితో చేసి 2001లో ప్రకటించిన పరిశీలనలో, ఆపరేషన్ వైపు ఉన్నవాళ్లలో 58 శాతం మందికి ఏడాది గడిచేసరికి తెలివి తప్పే ఫిట్స్ లేవు. మందుల మీదే ఉన్నవాళ్లలో 8 శాతం. మందుల వైపు ఒకరు చనిపోయారు కూడా. మన ఢిల్లీ ఎయిమ్స్‌లో 116 మంది పిల్లలతో చేసి 2017లో ప్రకటించినదానిలో ఆపరేషన్ అయినవాళ్లలో 77 శాతం మందికి ఏడాదికి ఫిట్స్ లేవు. ఆపరేషన్‌కు వరుసలో వేచి ఉండి మందులు వాడినవాళ్లలో 7 శాతం. అయితే ఆపరేషన్ అయినవాళ్లలో మూడోవంతు మందికి తీవ్రమైన ఇబ్బందులు వచ్చాయి, ఎక్కువగా ఒక పక్క చెయ్యి కాలు బలహీనపడటం. మెదడులో ఏ చోట కోస్తారో దాన్నిబట్టి అది ఉంటుంది. నూటికి నూరు అని ఎవరైనా చెబితే ఆ ఆస్పత్రి నుండి లేచి వచ్చేయండి.

మన అమ్మాయి చెల్లించినది వేరే. ఆమె సంగతి మీకు తెలుసు. కంఠత వాక్యాల పోటీలో జిల్లా స్థాయిలో మూడేళ్లు మొదటి బహుమతి తెచ్చిన పిల్ల. నూట పంతొమ్మిదో కీర్తన సగం వరకు ఆగకుండా చెప్పేది. బడి మానేశాక ఆమెకు ఉన్నది అదే. ఎడమ వైపు తీస్తే మాటల జ్ఞాపకం తగ్గవచ్చని డాక్టరు ముందే చెప్పాడు. పేర్లు, మాటలు వెంటనే అందకపోవచ్చు అన్నాడు. తండ్రి వెనక్కి తగ్గాడు. నేనూ తగ్గాను, నిజం చెబుతున్నాను. దేవుని వాక్యం మర్చిపోయేలా చేసే ఆపరేషన్‌కు పాస్టరు సరే అనవచ్చా అని ఆ రాత్రి నిద్రపోలేదు.

పొద్దున్నే ఆమే చెప్పింది. "మర్చిపోతే బైబిల్ తెరిచి చూసుకుంటా గదా అయ్యగారూ." సంతకం తనే పెట్టింది. పంతొమ్మిదేళ్లు, పెట్టవచ్చు.

ఆపరేషన్ అయి పదహారు నెలలైంది. మొదటి వారంలో ఒకటి వచ్చింది, ఆ తర్వాత రాలేదు. మాత్రలు ఇంకా వేసుకుంటోంది. కనీసం ఇంకొన్నాళ్లు వేసుకోవాలి, తగ్గించడం డాక్టరు చేతిలో ఉంది. ఆపరేషన్ అయితే మాత్రలు అయిపోయినట్టే అనుకోకండి. మాటలు నిజంగానే ఆలస్యంగా వస్తున్నాయి. పోయిన క్రిస్మస్‌కు మైకు దగ్గర నిలబడి చిన్న వాక్యం చెప్పబోయి మధ్యలో ఆగిపోయింది. ముందు వరుసలో పిల్లలు అందించారు. తల్లి తల వంచుకుంది. ఆమె మాత్రం నవ్వి, అందించినది పట్టుకొని పూర్తిచేసింది. ఇప్పుడు పదో తరగతి ఓపెన్ స్కూలుకు కట్టింది. చదివింది నిలవడం లేదని బాధపడుతుంది, రాసుకొని రాసుకొని చదువుతుంది. కాలువ గట్టు మీద ఒంటరిగా నడిచి మందిరానికి వస్తుంది. మొదటిసారి అలా వచ్చిన రోజున తల్లి ఆమెకు తెలియకుండా యాభై గజాల వెనకాల నడిచి వచ్చింది.

ఇది చదివి రేపే హైదరాబాదు బస్సెక్కవద్దు. మూర్ఛ ఉన్నవాళ్లలో మూడింట రెండు వంతుల మందికి మాత్రలతోనే ఆగుతాయి, సక్రమంగా వేసుకుంటే. వేసుకోకపోవడానికి మనం కూడా కారణం కాకూడదు. ఉపవాస కూడికల్లో నీళ్లతో మాత్ర వేసుకుంటే ఉపవాసం చెడిపోదు, నా మాటగా చెబుతున్నాను. నిద్ర లేకపోతే ఫిట్స్ వస్తాయి గనుక, ఆల్ నైట్ ప్రార్థనలకు మూర్ఛ ఉన్నవాళ్లను పది గంటలకు నేనే ఇంటికి పంపుతాను, ఎవరూ వాళ్లను చిన్నచూపు చూడవద్దు. ఫిట్ వచ్చినప్పుడు చేతిలో తాళాలు పెట్టవద్దు, నోట్లో ఏమీ కుక్కవద్దు, పక్కకు ఒత్తిగిల్లేలా పడుకోబెట్టండి. అయిదు నిమిషాలు దాటితే 108కి చేయండి.

పెద్దల ముందు నేనొక మాట పెట్టాను. ఈ ఏడాది నుండి కోతల పండుగ కానుకల్లో పదోవంతు విడిగా ఉంచుదాం, ఆపరేషన్లకు కాదు, గది అద్దెకు, బస్సుకు, తోడు వెళ్లినవాళ్ల తిండికి, పోయిన కూలికి. ఆపరేషన్ ఖర్చు మోయడం మన వల్ల కాదు, దానికి ప్రభుత్వం ఉంది, అడిగి తీసుకోవాలి. ఇది మన వల్ల అవుతుంది. ప్రహరీ గోడ ఒక ఏడాది ఆగుతుందని కొందరికి బాధగా ఉంది. వచ్చే నెల కమిటీలో తేలుస్తాం, మీ అభిప్రాయం అక్కడ చెప్పండి, గట్టు మీద కాదు.

కాలువ అవతలి తండ్రికి నేను అంకె చెప్పలేదు. నోటు పుస్తకం ఇచ్చి, మధ్యలో గీత గీసి పంపాను. పోయిన గురువారం నిండిన పేజీతో తిరిగొచ్చాడు. అబ్బాయికి వీడియో ఈఈజీకి వచ్చే నెల పదో తేదీన మంచం ఇచ్చారు. కెమెరా ఉన్నా, రాత్రుళ్లు మంచం పక్కన మేలుకొని ఉండి, ఫిట్ రాగానే బటన్ నొక్కే మనిషి కావాలి. తండ్రి ఒక్కడే నాలుగు రాత్రులు మేలుకోలేడు. మన సంఘంలో ముగ్గురు పేర్లిచ్చారు. ఇంకొకరు కావాలి. మగవాళ్ల వార్డు గనుక మగవాళ్లే ఇవ్వండి. అమ్మాయి తానూ వస్తానంది, రాత్రికి కాదు, పగలు ఆ అబ్బాయి తల్లి దగ్గర కూర్చోవడానికి. బస్సు తొమ్మిదో తేదీ పొద్దున అయిదున్నరకు, మన స్టేజీ దగ్గరే.